వెబ్ ఆప్షన్లలో మొదటి గడి

మొన్నామధ్య ఒక రాత్రి పదకొండు దాటాక మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. ఎంబీబీఎస్ అయిపోయి మెడికల్ పీజీ సీటు కోసం వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీ, బ్రాంచ్ వరుసగా ఎక్కించే ఆన్‌లైన్ లిస్ట్, పెట్టుకుంటోంది. "అన్నా, పడుకున్నవా? ఒక్క మాట అడుగుతా. గైనిక్ ఫస్ట్ పెట్టాల్నా, కిందికి దింపాల్నా? పోయినేడు కటాఫ్ నా ర్యాంక్ కన్నా రెండు వేలు ముందే ఆగిపోయింది. పైన పెడితే ఆప్షన్ వేస్ట్ అయితదని అందరంటున్నరు."

పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రమ్మన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నిద్ర రాలేదు. "ఆప్షన్ వేస్ట్ అవుతుంది" అనే ఈ మాటే నాకు 2018లో చెప్పారు. నేను నమ్మాను. అందుకే ఇది రాస్తున్నాను, పీజీ సీటు కోసం ఆప్షన్లు పెట్టుకునే ప్రతి హౌస్ సర్జన్ (ఎంబీబీఎస్ చివర ఆస్పత్రిలో ఏడాది పనిచేసే డాక్టర్), వాళ్ళ పక్కన కూర్చునే అమ్మానాన్నలు ఒక్కసారి చదవాలని.

నేను వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీలోనే (కేఎంసీ) ఎంబీబీఎస్ చేశాను. హౌస్ సర్జన్సీలో పిల్లల వార్డులో పడ్డ పోస్టింగ్ నా మనసు మార్చేసింది. ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు నుంచి రాత్రిపూట వరంగల్ పెద్దాస్పత్రి ఎంజీఎంకి వచ్చే తల్లులు, ఒళ్ళో జ్వరంతో కాలిపోతున్న పసిపిల్ల, సెలైన్ పెట్టడానికి వెతికితే దొరకని నరం, తెల్లవారేసరికి ఆ పిల్లే కళ్ళు తెరిచి పాలు తాగడం. చేస్తే పీడియాట్రిక్సే చేయాలి అనుకున్నాను. 2018 జనవరి 7న నీట్ పీజీ రాశాను, ర్యాంక్ ఫర్వాలేదు అన్నట్టు వచ్చింది. సీనియర్లు, కోచింగ్‌లో పరిచయమైనవాళ్ళు, ఫోన్ గ్రూపుల్లో ముఖం కూడా తెలియనివాళ్ళు అందరూ ముందటేడు కటాఫ్‌ల ఎక్సెల్ షీట్ ముందు పెట్టుకుని ఒకటే మాట: నీ ర్యాంక్‌కు వరంగల్‌లో పీడియాట్రిక్స్ రాదు, పైన పెట్టి వృథా చేసుకోకు, వచ్చేవి పైన పెట్టు. నేను అనస్థీషియా మూడు కాలేజీల్లో పైన పెట్టి, వరంగల్ పీడియాట్రిక్స్‌ను తొమ్మిదో నంబరుకు దింపాను.

మొదటి విడతలో రెండో ఆప్షన్ వచ్చింది. అనస్థీషియా. ఇంట్లో స్వీట్లు పంచారు. రెండు రోజుల తర్వాత అలాట్‌మెంట్ జాబితా పీడీఎఫ్ తీరిగ్గా కిందిదాకా చదివితే, వరంగల్ పీడియాట్రిక్స్ చివరి సీటు నా కేటగిరీలోనే నా వెనక ర్యాంకు అతనికి వెళ్ళింది. నాకంటే వెనక. మొదటి గడిలో పెట్టి ఉంటే ఆ సీటు నాదే. సరే, రెండో విడతలో మారదాం అనుకున్నాను. ఆ సీటు వచ్చినతను వెంటనే వెళ్ళి చేరిపోయాడు, అతనికి అదే కావాలి, ఎందుకు వదులుతాడు? సీటు ఖాళీ కాలేదు, నాకు రాలేదు.

ఇప్పుడు నేను మత్తు డాక్టర్‌ని. ఈ పనిని గౌరవిస్తాను. 2020లో పీజీగా కోవిడ్ వార్డులో వెంటిలేటర్ల మధ్య గడిపిన నెలల్లో ఈ బ్రాంచ్ విలువ నాకు పూర్తిగా తెలిసింది. కానీ ఆపరేషన్ థియేటర్‌లోకి చిన్న పిల్లను ఎత్తుకొస్తే ఇప్పటికీ నా చెయ్యి ముందు ఆ పిల్ల తల మీదికే పోతుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. సీటు ఎలా ఇస్తారో తెలియక జరిగే తప్పు ఇది.

మా సీనియర్లు చెప్పేవారు, ఆన్‌లైన్ రాకముందు కౌన్సెలింగ్ అంటే హాల్లో కూర్చోవడమే. ర్యాంకుల వరుసలో పేరు పిలుస్తారు, లోపలికి వెళ్తావు, అప్పటికి మిగిలి ఉన్న సీట్లు ఎదురుగా కనిపిస్తాయి, అందులో నీకు కావాల్సింది వేలు పెట్టి చూపిస్తావు, సంతకం పెట్టి బయటికొస్తావు. ఒక్కసారి ఆ హాల్లో నిన్ను నువ్వు ఊహించుకో. నీ వంతు వచ్చింది, నీకు ప్రాణమైన సీటు ఎదురుగా ఖాళీగా ఉంది. "పోయినేడు ఇది నా ర్యాంకుకు రాలేదు కదా" అని దాన్ని వదిలేసి పక్క సీటు అడుగుతావా? అడగవు. వెబ్ ఆప్షన్లలో జరిగేది అదే. నువ్వు హాల్లో లేవు కాబట్టి నీ బదులు కంప్యూటర్ నిలబడుతుంది. ఒకటో ర్యాంకు వాళ్ళ లిస్ట్ తీసి పైనుంచి చూసుకుంటూ పోయి ఖాళీగా ఉన్న మొదటి సీటు ఇస్తుంది, తర్వాత రెండో ర్యాంకు, మూడో ర్యాంకు, అలా నీ దాకా వస్తుంది. నీ వంతు వచ్చేసరికి నీ మొదటి గడిలోని సీటు అయిపోయి ఉంటే రెండోది చూస్తుంది, అదీ లేకపోతే మూడోది. మొదటిది దొరకనందుకు నీ మీద కోపం పెట్టుకుని రెండోది ఇవ్వకుండా ఉండదు, నీ వంతు వెనక్కి జరగదు, నీ వెనక ర్యాంకు అతను ఆ రెండో సీటును మొదటి గడిలో పెట్టుకున్నా సరే ముందు నీకే వస్తుంది. అంటే రాని సీటును పైన పెట్టుకుంటే నీకు పోయేది ఏమీ లేదు. వచ్చే సీటును కింద పెట్టుకుంటే మాత్రం అది పోతుంది, నాకు పోయినట్టు.

ఇంతే విషయం. ఇది తెలిసినవాళ్ళు కూడా ఆ రాత్రి టెన్షన్‌లో మర్చిపోతారు.

పోయినేడు కటాఫ్‌ను నేను చూడొద్దు అనడం లేదు, చూడు, ఎంత దూరం దాకా ఆప్షన్లు పెట్టుకోవాలో తెలుసుకోవడానికి చూడు. వరుసకు మాత్రం దాన్ని వాడకు. కటాఫ్ ప్రతి ఏడూ కదులుతుంది. కొత్తగా మెడికల్ కాలేజీలు వస్తున్నాయి, పాత కాలేజీల్లో పీజీ సీట్లు పెరుగుతున్నాయి, ఒక ఏడు అందరూ రేడియాలజీ అంటారు, ఇంకో ఏడు డెర్మటాలజీ అంటారు, ఇంకొందరు ఆల్ ఇండియా కోటాలో ఢిల్లీకో చండీగఢ్‌కో వెళ్ళిపోతారు. కోర్టు తీర్పులు కూడా ఉంటాయి. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు, పీజీ వైద్య సీట్లలో రాష్ట్ర నివాసం ఆధారంగా రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధం అని చెప్పింది, అదే కాలేజీలో చదివినవాళ్ళకు కొంతమేర ప్రాధాన్యం ఇవ్వొచ్చని కూడా చెప్పింది. ఇలాంటి మార్పుల మధ్య ఒక పాత ఎక్సెల్ షీట్ మన జీవితాన్ని నిర్ణయించకూడదు.

తెలియనివాళ్ళ కోసం సీట్ల సంగతి కొంచెం చెప్తాను. పరీక్ష ఒక్కటే, నీట్ పీజీ, 200 ప్రశ్నలు, 800 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. దేశం మొత్తం మీద రెండు లక్షలకు పైగా డాక్టర్లు రాస్తారు. ప్రభుత్వ కాలేజీల పీజీ సీట్లలో సగం ఆల్ ఇండియా కోటాకు పోతాయి, దాన్ని ఢిల్లీలోని ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నడుపుతుంది, డీమ్డ్ యూనివర్సిటీలు, డీఎన్‌బీ (ఆస్పత్రుల్లో చేసే, నేషనల్ బోర్డు ఇచ్చే పీజీ) సీట్లు కూడా దాని కిందే. మిగతా సగం రాష్ట్రానివి. మన రాష్ట్ర కౌన్సెలింగ్ మన వరంగల్‌లోనే ఉన్న కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ చేస్తుంది, తెలంగాణ రాకముందు దీనికోసం విజయవాడ వైపు చూడాల్సి వచ్చేది. ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా వేరువేరుగా నోటిఫికేషన్లు వస్తాయి. ఎంసీసీ, కాళోజీ రెండింటికీ రిజిస్టర్ చేసుకోవాలి, రెండు చోట్లా వేరువేరు లిస్టులు పెట్టాలి, రెండింటి తేదీలూ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి.

ఈసారి, అంటే 2025లో, పరీక్ష ఆగస్టు 3న, అది కూడా రెండు షిఫ్టులు వద్దు ఒకే షిఫ్టులో పెట్టండి అని సుప్రీంకోర్టు చెప్తేనే. ఫలితం 19న వచ్చింది. మొదటి రౌండ్ మొదలయ్యేసరికి బతుకమ్మ అయిపోయింది, దసరా అయిపోయింది. మా చెల్లె రెండు నెలలు ఇంట్లో ఉట్టిగా కూర్చుంది. హౌస్ సర్జన్సీ అయిపోయిన పిల్ల, ఉద్యోగంలో చేరదామంటే రేపో మాపో కౌన్సెలింగ్ అంటారు, ఆగుదామంటే తేదీ రాదు. 2021లో అయితే ఇంకా ఘోరం, ఆ ఏడు సెప్టెంబర్‌లో పరీక్ష రాసినవాళ్ళకు కౌన్సెలింగ్ 2022 జనవరిలో మొదలైంది. ఆస్పత్రుల్లో ఫస్ట్ ఇయర్ పీజీలు లేక ఉన్నవాళ్ళే ఇద్దరి పని చేశారు. ఈ ఆలస్యాన్ని మనం మామూలు విషయంగా తీసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు రౌండ్ల గురించి. నేను పైన చెప్పింది ఒక రౌండ్ లోపలి సంగతి. మనకు రౌండ్లు నాలుగు. ఇక్కడ జాగ్రత్త పడాలి, ఇక్కడ నిజంగానే సీటు పోతుంది.

ఎంసీసీ మొదటి రౌండ్‌లో సీటు వచ్చి నచ్చకపోతే చేరకుండా ఉండొచ్చు, డబ్బు పోదు, ఫ్రీ ఎగ్జిట్ అంటారు. రెండో రౌండ్‌లో వచ్చిన సీటులో చేరకపోతే డిపాజిట్ పోతుంది, జనరల్ వాళ్ళకు అది 25,000, డీమ్డ్‌కు పెట్టినవాళ్ళకు రెండు లక్షలు. మూడో రౌండ్‌లో చేరాక ఇక కదలడానికి లేదు. మిగిలిపోయిన సీట్లకు పెట్టే చివరి స్ట్రే రౌండ్‌లో వచ్చి చేరకపోతే తర్వాతి పరీక్షకే అనర్హులవుతారు. ఇంకొక పెద్ద విషయం: మొదటి రౌండ్‌లో చేరి, రెండో రౌండ్‌కు అప్‌గ్రేడ్ అడిగి, కొత్త సీటు వచ్చిందా, పాత సీటు ఆ క్షణమే ఇంకొకరికి పోతుంది. "రెండూ చూసుకుని ఏదో ఒకటి ఉంచుకుంటా" అంటే కుదరదు. కాబట్టి రెండో రౌండ్ లిస్ట్‌లో ఇప్పుడు చేతిలో ఉన్న సీటు కన్నా నిజంగా మంచిదనుకున్నవి మాత్రమే పెట్టు, ఒక్కటి ఎక్కువ పెట్టినా నీ మీదికే వస్తుంది. మా జూనియర్ ఒకమ్మాయి ఊరికే నిండుగా ఉంటదని ముప్పై ఆప్షన్లు అలాగే ఉంచి, ఇంటి దగ్గరి జనరల్ మెడిసిన్ పోగొట్టుకుని ఎక్కడో దూరాన పాథాలజీలో చేరింది. మూడు రోజులు ఏడ్చింది.

అందుకే లిస్ట్‌లో ఒక గీత గీసుకోవాలంటాను. ఆ గీత కింద ఉన్న సీటు వస్తే నువ్వు చేరవు, మళ్ళీ చదువుతావు. ఆ గీత కింద ఏమీ పెట్టకు. భయంతో పెట్టే ఆప్షన్లే తర్వాత మూడేళ్ళు మోయాల్సి వస్తుంది.

రౌండ్ల వల్ల అన్యాయం కూడా జరుగుతుంది, అది మన చేతిలో లేదు. 2022లో రెండో రౌండ్ అయిపోయాక ఎంసీసీ 146 కొత్త సీట్లు తెచ్చి, మిగిలిన సీట్లకు పెట్టే మాపప్ రౌండ్‌లో పెట్టింది. మంచి ర్యాంకు వచ్చి అప్పటికే రెండో రౌండ్‌లో చేరినవాళ్ళకు ఆ సీట్లు అడిగే వీలు లేదు, వాళ్ళ వెనకవాళ్ళకు వచ్చాయి. మార్చి 31న సుప్రీంకోర్టు ఆ మాపప్ రౌండ్‌ను రద్దు చేసి ఆ సీట్లకు ప్రత్యేక రౌండ్ పెట్టమంది. ఇక కొందరు సీటు పట్టుకుని కూర్చుని చివర్లో వదిలేయడం, ఆ సీటు చివరి రౌండ్‌లో ఎవరికో పోవడం ఏళ్ళుగా ఉన్నదే. 2025లో సుప్రీంకోర్టు ఈ సీట్ బ్లాకింగ్ మీద గట్టి ఆదేశాలు ఇచ్చింది, ఫీజులు కౌన్సెలింగ్‌కు ముందే బయటపెట్టాలని, దేశమంతటికీ ఒకే కౌన్సెలింగ్ క్యాలెండర్ ఉండాలని. అవి పూర్తిగా అమలైతే చాలామంది పిల్లల రాత్రులు ప్రశాంతంగా ఉంటాయి.

నా క్లాస్‌మేట్ ఒకడు అమెరికా వెళ్ళాడు. అక్కడ పీజీ సీటు ఇచ్చే పద్ధతి వేరు, దాన్ని మ్యాచ్ అంటారు. ర్యాంకు చూసి సీటు ఇవ్వరు. ముందు ఆస్పత్రులకు అప్లికేషన్ పెట్టాలి, వాళ్ళు పిలిస్తే ఇంటర్వ్యూ, ఆ తర్వాత డాక్టర్లు ఆస్పత్రులను వరుసగా రాసిస్తారు, ఆస్పత్రులు డాక్టర్లను వరుసగా రాసిస్తాయి, రెండు లిస్టులనూ కంప్యూటర్ కలుపుతుంది. అసలు మ్యాచ్‌లో రౌండ్లు లేవు, ఒక్కసారే. మార్చిలో ఒక సోమవారం "నువ్వు మ్యాచ్ అయ్యావు" లేదా "కాలేదు" అని మాత్రం మెయిల్ వస్తుంది, ఎక్కడ అనేది శుక్రవారం దాకా చెప్పరు. వాడి అమ్మ ఆ నాలుగు రోజులూ భద్రకాళి గుడికి పోయింది. అమెరికా పౌరులు కాని బయటి దేశాల డాక్టర్లలో ఇటీవల పదిమందికి సుమారు నలుగురు మ్యాచ్ కావడం లేదు, కాబట్టి అదేదో తేలికైన దారి అనుకోవద్దు.

దీన్ని ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, వాడు అప్పుడు చెప్పిన ఒక కథ. 1940లలో అక్కడి ఆస్పత్రులు మంచి విద్యార్థుల కోసం పోటీ పడి, చదువు పూర్తి కావడానికి రెండేళ్ళ ముందే సీటు ఇస్తాం చేరతావా అని అడిగేవట. తర్వాత ఒకే తేదీన అడగాలని కట్టడి పెట్టుకుంటే, గంటల్లో జవాబు చెప్పకపోతే సీటు ఇంకొకరికి అని ఒత్తిడి మొదలైంది. దాన్ని ఆపడానికి 1952లో మ్యాచ్ పెట్టారు. మొదట అనుకున్న లెక్కలో ఒక లోపం ఉంది, అందని ఆస్పత్రిని మొదటి గడిలో రాసినవాడికి నష్టం జరిగేది. అంటే అక్కడ "ఆప్షన్ వేస్ట్" అనే భయం నిజమే! విద్యార్థులే అది పట్టుకుని గొడవ చేశారు, అమలు కాకముందే లెక్క మార్పించారు. ఆ తర్వాత 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు ఇలాంటి జతలు కలిపే లెక్కను రాశారు, ఆల్విన్ రోత్ అనే ఆర్థికవేత్త సాయంతో మ్యాచ్‌ను విద్యార్థి వైపు నుంచి మొదలయ్యేలా మార్చారు, 1998 నుంచి అదే వాడుతున్నారు. రోత్‌కూ షాప్లీకీ 2012లో నోబెల్ ఇచ్చారు. మనసులో ఉన్నది ఉన్నట్టు రాసినవాడికి నష్టం జరగకూడదని అక్కడి పిల్లలు పోరాడి సాధించుకున్నారు. మన వెబ్ ఆప్షన్లలో ఒక రౌండ్ లోపల ఆ సౌకర్యం మనకు మొదటి నుంచే ఉంది, మనమే నమ్మకుండా లిస్ట్ తలకిందులు చేసుకుంటున్నాం.

పొద్దున్నే మా చెల్లె వచ్చింది. వెనకే బాబాయి. హన్మకొండలో మా హాల్లో చాప పరుచుకుని కూర్చున్నాం, చాయ్ రెండుసార్లు అయింది. ముందు సర్టిఫికెట్లు చూశాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. మీసేవలో తీసుకున్న మన బీసీ సర్టిఫికెట్ ఆల్ ఇండియా కోటాకు పనికిరాదు, అక్కడ కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ కావాలి, పైగా మన రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం జాబితాలో ఉండవు. బాబాయి అది అప్పటికే తీసి పెట్టాడు. సంతోషమేసింది.

తర్వాత అసలు మాట. ల్యాప్‌టాప్ మూసేసి తెల్లకాగితం ఇచ్చి, ర్యాంకులు మర్చిపోయి నీకు కావాల్సినవి వరుసగా రాయమన్నాను. చెల్లె పెన్ను పట్టుకుని బాబాయి వైపు చూసింది. బాబాయి అన్నాడు, "గైనిక్ అంటే రాత్రిపూట డ్యూటీలే కద బిడ్డా, రేపు పెండ్లయినంక ఎట్ల? స్కిన్ అయితే నిమ్మళంగుంటది." ఆయన మాటలో ప్రేమే ఉంది, కూతురు అలసిపోవద్దని. కానీ నేను ఆ ఒక్కచోట ఊరుకోలేదు. ఇదే మాట మగపిల్లాడికి ఎవరూ చెప్పరు బాబాయ్ అన్నాను. వరంగల్ సీకేఎం ప్రసూతి ఆస్పత్రిలో హౌస్ సర్జన్‌గా ఈమె ఎన్ని రాత్రులు నిలబడిందో అడగమన్నాను. చెల్లె అప్పుడు మెల్లగా చెప్పింది, ఒక రాత్రి డ్యూటీలో కాన్పు తర్వాత రక్తం ఆగక తెల్లగా పాలిపోయిన ఒకామెను మేడమ్ పక్కన నిలబడి ఎట్లా బతికించారో, ఆ ఆమె పోయేటప్పుడు చెల్లె చేతిలో రెండు అరటిపండ్లు పెట్టి పోయిందట. బాబాయి ఏమీ అనలేదు. కాసేపటికి "రాయి" అన్నాడు.

పదకొండు రాసింది. మొదటి ఆరూ గైనిక్, మొదటిది వరంగల్. పన్నెండోది రాయబోయి ఆగి, "ఇది వస్తే నేను చేరను అన్నా" అని కొట్టేసింది. ప్రతి కాలేజీలో ఇప్పుడు చదువుతున్న పీజీలకు ఫోన్ చేయించాను, కాన్పులు ఎన్ని, సిజేరియన్లు పీజీ చేతికి ఇస్తారా, డ్యూటీ తర్వాత సెలవు నిజంగా ఇస్తారా అని. ఆ ఫోన్ల తర్వాత మూడోది, ఐదోది తారుమారు చేసుకుంది. సాయంత్రం ఆ కాగితం చూసి ఒక్కొక్కటి ఎక్కించి, నేనొకసారి, బాబాయి ఒకసారి కోడ్‌లు సరిచూసి, లాక్ చేసి ప్రింటు తీసుకున్నాం.

నిన్న అలాట్‌మెంట్ వచ్చింది. వరంగల్ రాలేదు. నాలుగో ఆప్షన్ వచ్చింది, గైనిక్, ఇంటి నుంచి నాలుగు గంటల బస్సు. బాబాయి సర్టిఫికెట్ల ఫైలు, రెండు జతల తెల్ల కోట్లు సర్ది పెట్టాడు. రేపు పొద్దున ఐదింటి బస్సుకు ముగ్గురం పోతున్నాం. రెండో రౌండ్‌కు ఆమె మూడే ఆప్షన్లు ఉంచుకుంది.